మేజర్ ప్రాజెక్టుకు టీకా

ఏప్రిల్ వచ్చిందంటే మేడ్చల్‌లో జిరాక్స్ షాపు ముందు కాలు పెట్టే సందు ఉండదు. మొన్న ఆధార్ కార్డు రెండు కాపీలు తీయించుకుందామని పోయి గంటన్నర నిలబడ్డాను. నా ముందు పదిహేను మంది పిల్లలు, అందరి చేతుల్లో పెన్ డ్రైవులు. షాపతను మిషన్ మీంచి తల ఎత్తకుండానే చెప్పాడు: "జర ఆగుండ్రి సార్. రేపు ఎక్స్‌టర్నల్ ఉందట పోరగాళ్లకు. బ్యాచ్‌కు అయిదు బుక్కులు, నల్ల రెగ్జిన్, బంగారు అక్షరాలు. రాత్రి రెండు గంటలదాక ఇదే పని."

కౌంటర్ మీద జిగురు ఆరుతున్న బుక్కొకటి ఉంది. ముప్పయ్యేళ్లకు పైగా జూనియర్ కాలేజీలో తెలుగు చెప్పినవాణ్ని, అచ్చుకాగితం కనిపిస్తే చెయ్యి ఊరుకోదు. తీసి చదివాను. బీటెక్ నాలుగో ఏడు పిల్లల మేజర్ ప్రాజెక్ట్ రిపోర్టు అది. ఈమధ్య దీన్నే కొన్నిచోట్ల క్యాప్‌స్టోన్ అంటున్నారు. గోపురం కట్టడం పూర్తయ్యాక నెత్తిన పెట్టే రాయి అన్నమాట. చదువుతూ పోగా ఒక సంగతి తేలింది. ఈ గ్రంథాన్ని రాసినవాళ్లు చదవలేదు, సంతకం పెట్టబోయేవాళ్లు చదవరు, అచ్చువేసినవాడు పేజీ నంబర్లు మాత్రం చూశాడు. పాఠకుడే లేని గ్రంథానికి వ్యాఖ్య రాస్తే తప్పుపట్టేవాడు ఉండడు. ఇంత మంచి అవకాశం ఈ జన్మలో మళ్లీ రాదని టీక మొదలుపెట్టాను.

గ్రంథం మొత్తంలో గంభీరమైన వాక్యం మూడో పేజీలో ఉంది. మూలం ఇది:

"దిస్ ఈజ్ టు సర్టిఫై దట్ ది ప్రాజెక్ట్ వర్క్ ఎన్‌టైటిల్డ్ ఫలానా ఈజ్ ఎ బోనఫైడ్ వర్క్ క్యారీడ్ ఔట్ బై ఫలానా ఫలానా ఫలానా ఫలానా అండర్ మై గైడెన్స్ ఇన్ పార్షియల్ ఫుల్‌ఫిల్‌మెంట్ ఆఫ్ ది రిక్వైర్‌మెంట్స్ ఫర్ ది అవార్డ్ ఆఫ్ ది డిగ్రీ."

వ్యాఖ్య. మొదటి అయిదారు మాటలూ స్పష్టం. స్పష్టమైనదాన్ని వదిలేసి కఠినమైన చోట ఆగడం వ్యాఖ్యాతల మర్యాద. కఠినమైనదాన్ని దాటేసి, తమకు తెలిసిన చోట పేజీలు నింపడమూ వాళ్ల మర్యాదే. రెండూ పాటిస్తాను.

ఫలానా ఫలానా ఫలానా ఫలానా: నలుగురు కర్తలు. ఒక్కొక్క పేరు కింద హాల్ టికెట్ నంబరు. చూడ్డానికి నంబరేగాని అది ప్రవర. మొదటి రెండంకెలు చేరిన సంవత్సరం. తర్వాతవి కాలేజీ గుర్తు, అంటే ఏ ఆశ్రమవాసి అన్నది. ఆ పైన 1ఏ అని ఉంటే మొదటి ఏడే చేరినవాడు, 5ఏ అని ఉంటే డిప్లొమా చేసి రెండో ఏట వచ్చి కలిసినవాడు. ఆపైన శాఖ: 01 సివిల్, 02 ఎలక్ట్రికల్, 03 మెకానికల్, 04 ఎలక్ట్రానిక్స్, 05 కంప్యూటర్స్. బ్రాంచికి శాఖ అని తెలుగు చేసినవాడు ఎవరోగాని దూరం చూసినవాడు. వేదంలో ఒక శాఖవాడు ఇంకో శాఖ ముట్టుకోడు, ఇక్కడా అంతే. ఈ మాట గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

నలుగురికీ కర్తృత్వం సమానమేనా అని శంక. సమానం కాదు. పని చేసినవాడొకడు, డబ్బు పెట్టినవాడొకడు, బైండింగ్‌కు తిరిగినవాడొకడు, వైవా నాడు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చినవాడొకడు. 'పని చేయడం' అంటే ఏమిటో 'క్యారీడ్ ఔట్' దగ్గర చెబుతాను.

బోనఫైడ్: లాటిన్‌లో రెండు మాటలు. సద్భావంతో, నిజాయితీగా అని అర్థం. మా వైపు ఆ అర్థంతో ఎవరికీ పని పడలేదు. బస్‌పాస్ కావాలంటే బోనఫైడ్, స్కాలర్‌షిప్‌కు బోనఫైడ్, బ్యాంకు లోనుకు బోనఫైడ్. కాబట్టి స్టాంపు పడిన కాగితం అని రూఢి. ఈ పదాన్ని బోనంతో కలపాలని నాకొక కోరిక. భోజనం బోనమైంది, ఆషాఢంలో అమ్మవారికి నెత్తిన పెట్టుకుని తీసుకుపోతాం. ఈ బుక్కునూ పిల్లలు అలాగే రెండు చేతుల మీదా మోసుకుపోయి ఎక్స్‌టర్నల్, అంటే బయటి కాలేజీ నుంచి వచ్చే పరీక్షకుడి, ముందు దింపుతారు. అందుచేత ఆ వ్యుత్పత్తిని పూర్తిగా తోసిపుచ్చలేం. తేడా ఒక్కటే, అమ్మవారు నైవేద్యం వైపు చూస్తుంది.

పాఠాంతరం. నేను చూసిన ప్రతిలో బోనఫైడ్‌కు ఇంగ్లిషు స్పెల్లింగులో చివరి రెండక్షరాలు తారుమారై, భూతకాల క్రియలా తయారైంది, ఎవరో దాన్ని బోనఫై చేసి వదిలినట్టు. ఇది లేఖకదోషమా అని షాపతన్ని అడిగాను. "అందరియి గట్లనే ఉంటయి సార్, ఫార్మాట్ మన దగ్గరిదే" అన్నాడు. అతని కంప్యూటర్‌లో 'సర్టిఫికెట్ ఫైనల్ ఫైనల్ 2' అనే ఫైలుంది. అదీ మాతృక. బ్రౌన్ దొర వేమన పద్యాల కోసం తాళపత్రాలు పోగుచేసి పోల్చి చూసినప్పుడు ఆయన్ని ఏడిపించింది ప్రతికో పాఠం ఉండడం. ఆ బాధ ఇక్కడ లేదు. ఏ ప్రతి తెరిచినా అదే పేజీలో, అదే వరుసలో, అదే తప్పు.

క్యారీడ్ ఔట్: వాచ్యార్థం 'మోసుకుని బయటికి తెచ్చిన'. సాధారణంగా 'నిర్వహించిన' అని లక్ష్యార్థం చెబుతారు, కాని ముఖ్యార్థానికి బాధ లేనప్పుడు లక్షణకు పోకూడదని ఆలంకారికుల నియమం. ఇక్కడ ముఖ్యార్థానికి ఏ బాధా లేదు. మేడ్చల్‌లో బస్సెక్కి అమీర్‌పేటలో దిగితే, మైత్రీవనం చుట్టుపక్కల గోడగోడకీ ప్రాజెక్టుల బోర్డులే. పిల్లలు అందులో ఒక మెట్లదారి ఎక్కుతారు. జాబితా ఇస్తారు, టైటిల్ ఎంచుకుంటారు, బ్యాచ్ తలా కాస్త వేసుకుని కడతారు. కోడు, రిపోర్టు, పీపీటీ, వైవాలో అడిగే ప్రశ్నలకు జవాబులు, అన్నీ ఒక్క పెన్ డ్రైవ్‌లో పోసి ఇస్తారు. దాన్ని జేబులో వేసుకుని బయటికి మోసుకొస్తారు. సర్టిఫికెట్‌లో అబద్ధం ఒక్కటీ లేదు, మనమే లక్ష్యార్థం వెతుక్కుని మోసపోతున్నాం.

ఇక్కడ కొంచెం పక్కకు పోవాలి.

వ్యాఖ్యాతలకు రాజు కోలాచలం మల్లినాథసూరి మన పక్క ఊరివాడే. మెదక్ జిల్లా కొల్చారం ఆయన ఊరు, మేడ్చల్ నుంచి బస్సులు మారుతూ పోయినా సగం పూట ప్రయాణం. కాళిదాసు కావ్యాలు మూడింటికి సంజీవని, భారవికి ఘంటాపథం, మాఘుడికి సర్వంకష, శ్రీహర్షుడి నైషధానికి జీవాతువు రాశాడు. ఆ పేర్లు పెట్టడంలోనే ఉంది మనిషి. ఘంటాపథమంటే ఏనుగులు గంటలు మోగించుకుంటూ నడిచే రాజమార్గం. భారవి మాట కొబ్బరికాయ లాంటిదనీ, తాను పగలగొట్టి చేతిలో పెడుతున్నాననీ చెప్పుకున్నాడు. సంజీవని సంగతి ఇంకా బాగుంటుంది. చెడ్డ వ్యాఖ్యానాలనే విషం ఎక్కి కాళిదాసు వాక్కు మూర్ఛపోయి ఉందనీ, దాన్ని బతికించడానికి ఈ మందనీ అన్నాడు. ఎంత ధీమా! కాళిదాసు తర్వాత ఎన్నో వందల ఏళ్లకు వచ్చి, మధ్యలో రాసినవాళ్లందర్నీ విషమనేశాడు. అనేసి ఊరుకోలేదు, ప్రతి శ్లోకానికీ కూర్చున్నాడు. ముందు అన్వయం, తర్వాత మాటమాటకూ అర్థం, అర్థానికి నిఘంటువు సాక్ష్యం, రూపానికి పాణిని సూత్రం, చివర అలంకారం. నీళ్లు అన్న మాటకు కూడా అమరకోశం చూపించి గాని ముందుకు కదలడు. మాఘంతో, మేఘంతో వయసు గడిచిపోయిందని ఆయన అన్నట్టు పండితులు చెప్పుకుంటారు. కొడుకు కుమారస్వామికీ ఇదే జబ్బు. మన ఓరుగల్లు ప్రతాపరుద్రుడి పేర వెలసిన ప్రతాపరుద్రీయానికి రత్నాపణమని వ్యాఖ్య రాశాడు. తండ్రి, కొడుకు, ఇద్దరూ బతుకంతా ఇంకొకడు రాసింది చదవడానికే ఖర్చుపెట్టారు. ఒక మనిషి రాసిన వాక్యానికి ఇంకో మనిషి చేయగల మర్యాద ఇంతకంటే లేదని నాకనిపిస్తుంది.

పదేళ్ల కిందట ఒకసారి కొల్చారం పోయి, దిగి, టీ తాగాను. టీకొట్టతన్ని అడిగితే "మల్లినాథసూరి మా ఊరోడే సార్, పెద్ద పండితుడట" అన్నాడు. ఏం రాశాడని అడిగితే నవ్వి ఇంకో అరకప్పు పోశాడు. నేను మాత్రం ఏం తక్కువ? ముప్పయ్యేళ్లు తెలుగు చెప్పి ఒక్క తరగతిలోనూ ఆయన పేరెత్తలేదు. సిలబస్‌లో లేడు.

టీకా అంటే మేడ్చల్ జనానికి ముందు తట్టేది ఈ టీకా కాదు, జబ్బ మీద వేసేది. అందులో తప్పేమీ లేదు. విషానికి విరుగుడని సూరి తన టీక గురించి చెప్పుకున్నదే ఈ టీకా గురించీ చెప్పుకోవచ్చు. మేడ్చల్‌ను ఆనుకుని ఉన్న అత్వెల్లిలో శాంతా బయోటెక్నిక్స్ పేరుతో వెలసిన టీకాల సంస్థ ఉంది. 1993లో పెట్టిన ఆ సంస్థ 1997లో హెపటైటిస్-బి టీకా బయటికి తెచ్చింది. రీకాంబినెంట్ పద్ధతిలో మన దేశంలో తయారైన మొదటి టీకా అదే. పెట్టిన వరప్రసాద్ రెడ్డి గారు చదివింది ఎలక్ట్రానిక్స్. పైగా ఆయన హాస్యం, సంగీతం మీద ప్రేమతో 'హాసం' అని పత్రిక కూడా నడిపించాడు. అంటే మూడు శాఖలు ముట్టుకున్నాడు. శామీర్‌పేట దాటి తుర్కపల్లి వైపు పోతే 1999లో మొదలైన జీనోమ్ వ్యాలీ. కోవాగ్జిన్ పుట్టింది అక్కడే. ఇంజనీరింగ్ కాలేజీల పసుప్పచ్చ బస్సులు రోజూ ఈ గేట్ల ముందునుంచే పోతాయి. లోపల పిల్లలు నిద్రపోతుంటారు, పాపం, పొద్దున ఆరింటికి ఎక్కుతారు.

ఎక్కడున్నాను? ఆఁ, మల్లినాథుడు. ఆయన వ్యాఖ్యల మొదట్లో రెండు ప్రతిజ్ఞలుంటాయి. మూలం లేనిది రాయనని ఒకటి, అక్కర్లేనిది చెప్పనని రెండోది. న్యాయంగా చెప్పాలంటే మన రిపోర్టు మొదటి ప్రతిజ్ఞను అక్షరాలా నిలబెట్టింది. మూలం లేని వాక్యం అందులో ఒక్కటీ లేదు, అన్నీ ఎక్కడో ఉన్నవే. ఆ మూలం సాఫ్ట్‌వేర్‌కు దొరక్కుండా చేయడమే పెద్ద పని. ప్లేజియరిజం చెక్‌లో శాతం ఎక్కువొస్తే బుక్కు తిప్పి పంపుతారు. దానికి విరుగుడు పర్యాయపదం. మాట తీసి మాట పెడతారు. చేతితో పెట్టే ఓపిక లేకపోతే పెట్టే సాఫ్ట్‌వేర్లూ ఉన్నాయి. ర్యాండమ్ ఫారెస్ట్ అని మెషిన్ లెర్నింగ్‌లో ఒక పద్ధతి ఉంది. మన ప్రతిలో నలభై రెండో పేజీకి వచ్చేసరికి అది 'ఇర్రెగ్యులర్ ఉడ్‌ల్యాండ్' అయింది. అడవికి అమరసింహుడు అరడజను పేర్లు ఇచ్చాడు, పిల్లలకు తెలియదుగాని, తెలిస్తే ఇంకో నాలుగు శాతం తగ్గేది.

ఇది మన పిల్లల తప్పే అనుకోకండి. 2021లో కబానాక్, లాబె, మగజీనోవ్ అని ముగ్గురు పరిశోధకులు పెద్ద పెద్ద జర్నళ్లలో అచ్చయిన పేపర్లలో ఇలాంటి మాటలు ఏరి, వాటికి 'చిత్రహింస పడిన పదబంధాలు' అని పేరు పెట్టారు. ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ కాస్తా 'కౌంటర్‌ఫీట్ కాన్షస్‌నెస్' అయింది, అంటే దొంగ చైతన్యం. వేదాంతులు విన్నా మెచ్చుకునే మాట. బిగ్ డేటా 'కొలోసల్ ఇన్ఫర్మేషన్' అయింది. బ్రెస్ట్ క్యాన్సర్‌ను 'బోసమ్ పెరిల్' అన్నారు, రొమ్ముగండం. సూరి పర్యాయపదం ఇచ్చింది చదివేవాడికి తెలియాలని. వీళ్లు ఇచ్చింది తెలియకూడదని. పనిముట్టు ఒకటే.

అండర్ మై గైడెన్స్: ఒక గైడ్ కింద ఎనిమిది బ్యాచ్‌లు. ఆయనకు క్లాసులు ఉన్నాయి, అడ్మిషన్ల డ్యూటీ ఉంది, నాక్ ఫైళ్లు ఉన్నాయి. 'అండర్' శబ్దం ఇక్కడ సామీప్యార్థకం కాదు. శేషం సుగమం.

రిపోర్టులో వాక్యాలన్నీ కర్మణి ప్రయోగంలో ఉంటాయి. చేశాం, చూశాం, పొరపడ్డాం అనకూడదట. చేయబడెను, పరిశీలింపబడెను, గమనింపబడెను. కర్మణి తెలుగుకు సహజం కాదని మా మాస్టారు బెత్తం పెట్టి చెప్పేవారు. కర్త దాక్కోవడానికి చోటిస్తుంది గనకనే ఆయనకు ఆ కోపమని ఇప్పుడు తెలిసింది.

అవతారిక ప్రకరణానికి వద్దాం. దీన్నే అక్నాలెడ్జ్‌మెంట్ అంటారు. మన కావ్యాల్లో కథ ఎత్తుకునేముందు ఇష్టదేవతాస్తుతి, పూర్వకవిస్తుతి, కుకవినింద, కృతిపతి వంశవర్ణన, చివర షష్ఠ్యంతాలు ఉంటాయి. ఇక్కడా వరుస తప్పలేదు. మొదట మేనేజ్‌మెంట్ చైర్మన్ గారికి, తర్వాత సెక్రటరీ గారికి, ప్రిన్సిపాల్ గారికి, హెచ్‌ఓడీ గారికి, గైడ్ గారికి, టీచింగ్ నాన్ టీచింగ్ సిబ్బందికి, అచ్చమైన షష్ఠ్యంతాలు. చైర్మన్ గారికి నాలుగు విశేషణాలు, ప్రిన్సిపాల్‌కు మూడు, హెచ్‌ఓడీకి రెండు, అమ్మానాన్నలకు ఒకటి. దేవుడు కొన్ని ప్రతుల్లో ఉంటాడు, కొన్నింటిలో లేడు. పూర్వకవిస్తుతి లేదు, ఎవరి కోడు తెచ్చారో వాళ్ల పేరు రాయలేరు కదా. కుకవినింద అసలే లేదు, మనల్ని మనం తిట్టుకున్నట్టవుతుంది.

ఇక కృతిపతి. రాజరాజు అడిగితే నన్నయ భారతం ఎత్తుకున్నాడు. రాయలవారు పెద్దనకు గండపెండేరం తొడిగారంటారు. కృతిపతి ఇస్తాడు, కవి పుచ్చుకుంటాడు, సంప్రదాయం అది. ఈ కావ్యంలో ఇచ్చేవాడు కవి, పుచ్చుకునేవాడు కృతిపతి. నాలుగేళ్లు ఫీజు కట్టి, బస్సు ఫీజు కట్టి, బిల్డింగ్ ఫండ్ కట్టి, చివరికి ఇన్ని వసతులు కల్పించిన దాతకు కృతజ్ఞతలు అని బంగారు అక్షరాల అట్ట వేసి ఇచ్చిన కావ్యం ఆంధ్ర వాఙ్మయంలో ఇంతకుముందు లేదు.

మూడో అధ్యాయంలో హార్డ్‌వేర్ రిక్వైర్‌మెంట్స్. నన్నడిగితే ఈ గ్రంథానికి తలమానికం ఇదే, అర్ధపేజీ. పెంటియం ఫోర్ ప్రాసెసర్. 40 జీబీ హార్డ్ డిస్కు. 512 ఎంబీ ర్యామ్. పదిహేను అంగుళాల రంగుల మానిటర్. లాజిటెక్ మౌస్. 1.44 ఎంబీ ఫ్లాపీ డ్రైవ్.

ఈ ఆరింటి ముందు నేను చాలాసేపు ఆగిపోయాను. ప్రాజెక్టు పేరు చూస్తే డీప్ లెర్నింగ్‌తో గుండెజబ్బు ముందే పసిగట్టడం. పెంటియం ఫోర్ బజారులోకి వచ్చింది 2000లో. ఈ నలుగురూ అప్పటికి పుట్టలేదు. ఫ్లాపీని సోనీ కంపెనీ జపాన్‌లో 2011 మార్చితో అమ్మడం మానేసింది. అప్పుడు వీళ్లు రెండో తరగతిలోనో మూడో తరగతిలోనో ఉండాలి. 1.44 ఎంబీ అంటే నా ఫోన్‌లో తీసిన మనవడి ఫోటో ఒక్కటి పట్టదు. గుండెలెన్ని పట్టాలి? ఇది ప్రక్షిప్తం కాదు, ఇదే మూలం. మిగతా గ్రంథం దీని చుట్టూ ప్రక్షిప్తంగా పెరిగింది. ఎప్పుడో ఇరవై ఏళ్ల కిందట ఎవరో ఒక అబ్బాయి తన ముందున్న కంప్యూటర్‌ను చూసి, ఉన్నదున్నట్టు రాశాడు. ఈ బుక్కులో కళ్లతో చూసి రాసిన అర్ధపేజీ అదొక్కటే. ఆ అబ్బాయికి ఇప్పుడు నలభై దాటి ఉంటాయి. అతను పక్కన పెట్టుకున్న మౌస్ ఇంకా వంశపారంపర్యంగా వస్తోంది.

నిన్న షాపులో ఒక కుర్రాణ్ని ఫ్లాపీ అంటే ఏమిటని అడిగాను. "సేవ్ బటన్ మీద బొమ్మ ఉంటది కదా సార్, అది" అన్నాడు. నిజమే.

ఆరో అధ్యాయం టెస్టింగ్. యూనిట్ టెస్టింగ్, ఇంటిగ్రేషన్ టెస్టింగ్, యాక్సెప్టెన్స్ టెస్టింగ్. ప్రతిదాని కిందా ఒకే ఫలశ్రుతి: పరీక్షలన్నీ నెగ్గాయి, ఏ లోపమూ కనబడలేదు. నిర్దోషత్వం పరబ్రహ్మానికి తప్ప లేదని శాస్త్రం. ఇక్కడ మూడు చోట్ల సిద్ధించింది.

పార్షియల్ ఫుల్‌ఫిల్‌మెంట్: పూర్ణంలోంచి పూర్ణాన్ని తీసినా పూర్ణమే మిగులుతుందని ఉపనిషత్తు శాంతిమంత్రం చెబుతుంది. సగం పూర్ణమన్నది వాళ్లకు తట్టలేదు, భక్ష్యాలు చేసే ఇంటివాళ్లకు తెలుసు. నాలుగేళ్లకు కలిపి 160 క్రెడిట్లు, అందులో ప్రాజెక్టుది ఒక భాగం, అందుకని పార్షియల్. ఇది సుబోధమే. మిగతా భాగం ఎక్కడ పూర్ణమైందన్నదే వ్యాఖ్యకు అందలేదు.

ఇంతవరకు వేళాకోళం. ఇక్కడ చేయి ఆగుతోంది, ఎందుకంటే ఆ ప్రవరల్లో మూడోది మా ఎదురింటి అమ్మాయిది.

మా వాడలో నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. ఏ వేళకు వస్తుందో వదిలేవాడికే తెలియదు. రాత్రి పదింటికి రావచ్చు, తెల్లారి మూడింటికి రావచ్చు. ఆడవాళ్లు నిద్ర చెడగొట్టుకుని పంపు విప్పి చూస్తుంటారు. రాకపోతే మళ్లీ గంటకు లేస్తారు. ఈ అమ్మాయి మూడో ఏట సెలవుల్లో వాళ్ల సంపులో, నల్లా పైపు మూతి కింద, ఒక ఫ్లోట్ కట్టింది. దానికి అగ్గిపెట్టెంత బోర్డు, ఇంట్లో వైఫై. నీళ్లు పడగానే ఫ్లోట్ లేచి, వాడలో ఇరవై రెండు ఇళ్ల ఫోన్లకు టెలిగ్రామ్‌లో మెసేజ్ పోతుంది: నల్లా వచ్చింది. మొదట్లో ఒకటి రెండుసార్లు పైపులో గాలి తన్నినా ఫోన్లు మోగాయి. జనం లేచి వచ్చి తిట్టారు. అప్పుడు ఫ్లోట్ వరసగా ఇరవై సెకన్లు పైన ఉంటేనే మెసేజ్ పోయేట్టు మార్చింది. అది టెస్టింగ్. మొత్తం ఖర్చు వెయ్యి రూపాయల లోపు. మా ఇంటావిడ ఆ పిల్లకు పట్టుచీర పెడతానంది, ఇంకా పెట్టలేదు.

దీన్నే మేజర్ ప్రాజెక్ట్‌గా పెడతానని జీరోత్ రివ్యూకు తీసుకుపోయింది. జీరోత్ అంటే సున్నావది, ఒకటోదానికి ముందు జరిగేది. ఏ కాలేజీ అన్నది చెప్పను, ఏ కాలేజీ అయినా ఒకటే. కమిటీలో ముగ్గురు. ఒకరు 'బేస్ పేపర్ ఏది?' అన్నారు. ఇంకొకరు 'ఇందులో మెషిన్ లెర్నింగ్ ఎక్కడుంది?' అన్నారు. మూడోవారు శాఖ పట్టుకున్నారు: 'నీది 05 కదమ్మా, ఫ్లోటు, బోర్డు ఇవన్నీ 04 వాళ్ల పని. టైటిల్ మార్చుకో.' అత్వెల్లి ఆయన ఈ కమిటీ ముందు నిలబడి ఉంటే 'మీది ఎలక్ట్రానిక్స్ కదండీ, కామెర్ల సంగతి మీకెందుకు?' అని సున్నావ రివ్యూలోనే ఆపేసేవారు.

మిగతా ముగ్గురూ అమీర్‌పేట బస్సెక్కారు. ఈ అమ్మాయి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడక, మూడో రోజు తనూ ఎక్కింది. నాలుగు నెలల తర్వాత మా ఇంటికి వచ్చి, "సార్, అక్నాలెడ్జ్‌మెంట్‌లో తప్పులేమన్నా ఉన్నాయా ఒక్కసారి చూస్తరా?" అని కాగితం ఇచ్చింది. చూశాను. తప్పులేమీ లేవమ్మా అన్నాను. నేను ఆమె పంతులును కాను, గైడును కాను, కమిటీని కాను. అయినా ఆ మాట అన్నందుకు నాకిప్పటికీ సిగ్గుగానే ఉంది.

నల్లా పని గురించి ఆ బుక్కులో ఒక్క ముక్క లేదు. పెట్టమని ఎవరూ అడగలేదు, పెడితే ఫార్మాట్ ఒప్పదు. గుండెజబ్బు కోడు వాళ్ల ల్యాప్‌టాప్‌లో వైవా నాటి పొద్దున ఒక్కసారి నడిచింది, చాలు. సంపులో ఫ్లోట్ మాత్రం మొన్న రాత్రి పదకొండున్నరకు కూడా లేచింది.

ఇక తాత్పర్యం. మల్లినాథుని రెండో ప్రతిజ్ఞకు భయపడి అది రాయడం మానుకుంటున్నాను. దాని బదులు ఈ నెలాఖరుకు ఎక్స్‌టర్నల్‌గా మేడ్చల్, శామీర్‌పేట వైపు వచ్చే అయ్యలకూ అమ్మలకూ ఒక మనవి. బిస్కెట్లు తిన్నాక, సంతకం పెట్టేముందు, మూడో అధ్యాయం తెరవండి. ఫ్లాపీ డ్రైవ్ కనిపిస్తే బుక్కు మూసి పక్కన పెట్టి, ఎదురుగా నిలబడ్డ పిల్లను 'ఇది కాక ఇంకేమన్నా చేశావా అమ్మా?' అని అడగండి.